పాత మారుతి 800 ఉంచుకోవాలా, అమ్మేయాలా?

మీ నాన్నగారి 1996 నాటి మారుతి 800 చలికాలం ఉదయాల్లో మొరాయిస్తోందనీ, దాన్ని అమ్మి కొత్త కారు కొనాలా అనీ అడిగారు. ఆ బండిది కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) ఉన్న ఇంజిన్ కాబట్టి, చోక్ (గాలిని తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) పూర్తిగా లాగి స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కుతున్న కొద్దీ దాన్ని లోపలికి నెట్టండి. అప్పటికీ దారికి రాకపోతే స్పార్క్ ప్లగ్గులు, కార్బురేటర్ జెట్లు శుభ్రం చేయించి, 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్ పాత రబ్బరును దెబ్బతీస్తుంది కనుక పెట్రోల్ పైపులను కూడా చూపించండి. కొత్త కార్లలో చలికి తగ్గట్టు పెట్రోల్, గాలి పాళ్లు సర్దే పనంతా సెన్సర్ల సాయంతో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చేసుకుంటుంది. సుఖమే గానీ, అందులో లోపం వస్తే చాలాసార్లు స్కానర్ లేనిదే మెకానిక్‌కు అంతుచిక్కదు. పవర్ స్టీరింగ్ లేకపోయినా సర్దుకోవచ్చు, ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేని బండిలో పిల్లలతో హైవే ఎక్కడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఊళ్లో తిరగడానికి దాన్ని ఉంచుకుని, దూర ప్రయాణాలకు వేరే కారు చూసుకోండి. అన్నట్టు, 15 ఏళ్లు దాటిన బండి కదా, ఆర్‌సీ గడువు కూడా సరిచూసుకోండి.