చెరువు కోసం లా చదవాలా, ఎంఎస్సీ చేయాలా?

ప్రశ్న: మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక పల్లె. బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. పక్కనున్న రసాయన కంపెనీ వాన పడ్డప్పుడల్లా వ్యర్థజలాలను వాగులోకి వదులుతోందని, అందుకే చెరువులో చేపలు చస్తున్నాయని ఊరంతా అంటోంది. ప్రజావాణిలో రెండుసార్లు అర్జీ ఇచ్చాం, కదలిక లేదు. లా చదివి ఇలాంటి కేసులు వాదించాలని నా కోరిక. నాన్న మాత్రం ‘ఎంఎస్సీ చేసి ఉద్యోగం చూసుకో, లాయర్లకు తిండి గడవదు, కంపెనీలతో తగువెందుకు’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: లా చదవండి. కెమిస్ట్రీని మాత్రం వదలకండి. పర్యావరణ కేసుల్లో చాలావరకు ఓడిపోయేది వాదించడం రాక కాదు, రుజువు నిలవక. ఆ రుజువు దగ్గర మీ చదువే పనికొస్తుంది.

నీటి నమూనా సంగతే చూడండి. 1974 నాటి నీటి కాలుష్య చట్టం సెక్షన్ 21 ప్రకారం, కంపెనీ వదిలే వ్యర్థజలం నమూనా కోర్టులో సాక్ష్యంగా చెల్లాలంటే కాలుష్య నియంత్రణ మండలి తరఫున పద్ధతి ప్రకారం తీయాలి. అక్కడికక్కడే నోటీసివ్వాలి, యజమాని సమక్షంలో నమూనాను రెండు భాగాలు చేయాలి, సీలు వేయాలి, సంతకాలు తీసుకోవాలి. ఊరివాళ్లు వాటర్ బాటిల్‌లో పట్టి ప్రైవేటు ల్యాబ్‌లో చేయించిన రిపోర్టు ఆ స్థానం తీసుకోలేదు. అలాగని అది వృథా కాదు. మండలిని కదిలించడానికి, తనిఖీకి జాయింట్ కమిటీ వేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను (పర్యావరణ వివాదాలు తేల్చే ప్రత్యేక న్యాయస్థానాన్ని) అడగడానికి అదే ఆధారం. కాకపోతే అదైనా సరిగ్గా పట్టాలి. సీఓడీ (నీటిలోని మలినాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) పరీక్ష సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి పీహెచ్‌ను 2 కంటే తగ్గించి, 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచాలి. బీఓడీ (ఆ మలినాలను సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి పట్టే ఆక్సిజన్) సీసాలో ఆమ్లం వేయకూడదు, 24 గంటల్లోపు పరీక్ష మొదలు కావాలి. కరిగిన ఆక్సిజన్‌ను గట్టు మీదే కొలవాలి, లేదా అక్కడే రసాయనాలు కలిపి ఫిక్స్ చేయాలి. ఇవి తెలియక ఎండలో అరపూట బస్సులో మోసుకెళ్లిన సీసా మీద వచ్చిన అంకెను కంపెనీ లాయరు ఒక్క ప్రశ్నతో కొట్టిపారేస్తాడు.

ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250 అన్నవి వాగులు, నదుల్లోకి వదిలే వ్యర్థజలానికి పెట్టిన సాధారణ పరిమితులు. వాటిని చెరువు నీటికి అన్వయించి ‘పరిమితిలోనే ఉంది’ అని రాసేస్తే మన కేసును మనమే చంపుకున్నట్టు. ఆ పరిమితి చెరువుది కాదు, గొట్టం చివరిది.

న్యాయస్థానాల్లో సైన్సు తెలిసినవారి లోటును సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో పరిశ్రమలపై ఆంక్షలు పెట్టిన 111 జీవో గుర్తుంది కదా. ఆ పరిధిలో ఒక నూనె కంపెనీ అనుమతి వ్యవహారంపై 1999లో ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. హాని జరగదని నిరూపించాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవారిదేనంది. ఇలాంటి వివాదాలు తేల్చడానికి శాస్త్రం తెలిసినవారు కూడా కూర్చునే న్యాయస్థానాలు కావాలని సూచించింది. 2010లో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో న్యాయమూర్తుల పక్కన నిపుణ సభ్యులు ఉండటం ఆ దిశలో పడ్డ అడుగే.

తెలుగు రాష్ట్రాల కేసులు ఆ ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్తాయి. లాయరు లేకుండా స్వయంగానూ వేయవచ్చు. పరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు 1000 రూపాయలు. అడ్డం పడేది గడువు. సెక్షన్ 14 కింద వివాదకారణం మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలల్లోపు రావాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు, అంతే. పరిహారం కోసం, పాడైన చెరువును బాగుచేయించడం కోసం సెక్షన్ 15 కింద 5 ఏళ్లు. పర్యావరణ అనుమతిని సవాలు చేయాలంటే 30 రోజులే, పైన 60. ‘పదేళ్లుగా వదులుతున్నారు’ అని పిటిషన్ మొదలుపెడితే జాలి రాదు, గడువు దాటిందన్న అభ్యంతరం వస్తుంది. ప్రతి ఘటనకూ తేదీ, గంట, సర్వే నంబరు రాసిపెట్టుకోవాల్సింది అందుకే. వన్యప్రాణి చట్టం ట్రిబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో లేదు, అలాంటివాటికి హైకోర్టు తలుపు తట్టాలి.

ఇక చదువు. ఇంటర్ తర్వాత జాతీయ లా వర్సిటీల కోసం రాసే క్లాట్ పరీక్ష గురించి బెంగ వద్దు. డిగ్రీ తర్వాతి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్ రాయండి, చివరి ఏడాదిలో ఉన్నవారూ రాయవచ్చు. 120 మార్కులు, 90 నిమిషాలు. అందులో సగం లా ఆప్టిట్యూడ్‌వే, కాబట్టి రాజ్యాంగం మౌలికాంశాల మీద ఎక్కువ సమయం పెట్టండి. ఎంఎస్సీ, ఎల్‌ఎల్‌బీ రెండూ ఒకేసారి రెగ్యులర్‌గా చేయాలని చూడకండి, బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. ఎల్‌ఎల్‌బీని దూరవిద్యలో చేస్తే లాయరుగా ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో నమోదు) దొరకదు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వారికి 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది.

మీ నాన్నగారి భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జూనియర్ లాయరుకు నగరాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 రూపాయలివ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచన మాత్రమే, చేతికొచ్చేది ఎక్కువసార్లు అంతకన్నా తక్కువే. పర్యావరణ కేసులొక్కటే పట్టుకుంటే మొదటి ఐదేళ్లు ఇల్లు గడవడం కష్టం. సివిల్, భూమి కేసులు బాగా చేసే సీనియర్ దగ్గర చేరండి, పర్యావరణ కేసు మొదలయ్యేది కూడా పహాణీ, సర్వే నంబరు, శిఖం (చెరువు గర్భం) భూమి హద్దుల దగ్గరే. ఇంటికి వెంటనే జీతం కావాల్సిన పరిస్థితైతే నాన్నగారి మాటే సరైనది. ముందు ఎంఎస్సీ చేయండి, నీటి పరీక్షల ల్యాబ్‌లోనో, నాబెట్ అనే జాతీయ మండలి గుర్తింపున్న పర్యావరణ ప్రభావ అంచనా సంస్థలోనో నాలుగేళ్లు పనిచేయండి. ఆ రిపోర్టులు ఎలా తయారవుతాయో, ఏది దాచేస్తారో లోపలి నుంచి చూసినవారు తర్వాత లా చదివితే ఎదుటి పక్షానికి మింగుడు పడరు. లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు.

దాచడం అన్నాను కాబట్టి శ్రీకాకుళం జిల్లా సోంపేట గురించి చెప్పాలి. 2010 జూలై 14న అక్కడ థర్మల్ ప్లాంటును వ్యతిరేకించిన జనంపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ప్లాంటు పెట్టదలచిన బీల ప్రాంతం చిత్తడి నేల అన్న నిజం అనుమతి కాగితాల్లో సరిగా కనిపించకపోవడమే ప్రధాన లోపం. ఊళ్లో పోరాటం, ఢిల్లీలో అప్పీలు రెండూ ఒకేసారి నడిచాయి.

డిగ్రీ చేతికొచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. ‘చర్య ఎందుకు తీసుకోలేదు’ అని అడగొద్దు, ఎందుకన్నదానికి వాళ్లు జవాబివ్వక్కర్లేదు. కాగితాలు అడగండి: కంపెనీ నడపడానికి మండలి ఇచ్చిన అనుమతి (కన్సెంట్) ప్రతి, అందులోని షరతులు, గత రెండేళ్ల తనిఖీ నివేదికలు, నమూనాల ఫలితాలు, వ్యర్థజలం ట్యాంకర్ల రికార్డు. కన్సెంట్‌లో రోజుకు ఎన్ని కిలోలీటర్ల వ్యర్థజలం వస్తుందని ఉందో, శుద్ధి ప్లాంటుకు ఎంత వెళ్లిందో పక్కపక్కన పెట్టండి. తేడా వస్తే ఆ నీరు ఎటు పోయిందో కంపెనీ చెప్పాల్సి ఉంటుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. ప్రజావాణి రసీదులు రెండూ భద్రంగా ఉంచండి.

అర్జీలు మీ ఒక్కరి పేరు మీద వద్దు. గ్రామసభ తీర్మానం చేయించి, పదిమంది సంతకాలతో వెళ్లండి. కంపెనీ ఆవరణలోకి అడుగు పెట్టకండి, నమూనా వాగు నుంచే పట్టండి. రాజీకి రమ్మని కబురొస్తే ఎవరూ విడిగా వెళ్లకూడదు, ఊరి పేరుతోనైనా డబ్బు మాట ఎత్తకూడదు. బెదిరించి డబ్బు అడిగారన్న ఒక్క ఫిర్యాదు చాలు, చెరువు కేసు పక్కకుపోయి మీ మీద కేసు నడుస్తుంది.