రోమ్‌లో క్రైస్తవ సంఘాన్ని మొదలుపెట్టింది ఎవరు?

ప్రశ్న: మాది కాజీపేట. చిన్నప్పటి నుంచి అమ్మ వెంట ఫాతిమా నగర్ చర్చికి పోతున్నాను, ఇప్పుడు డిగ్రీలో హిస్టరీ చదువుతున్నాను. యేసు ప్రభువు రోమ్‌కు ఎన్నడూ పోలేదు కదా, మరి యెరూషలేము ఉండగా రోమ్‌కు అంత పేరు ఎట్లా వచ్చింది? యేసు శిష్యుడు పేతురు, తొలి ప్రచారకుడు పౌలు పోయి సంఘం పెట్టారని అమ్మ అంటుంది. చక్రవర్తుల బలంతో పెరిగిందని మా ఫ్రెండ్స్ అంటారు. ఏది నిజం సార్?
– ఒక విద్యార్థిని

జవాబు: ముందు బైబిల్ తీసి రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయం చదువమ్మా. అంతా పేర్లే అని చాలామంది పేజీ తిప్పేస్తారు కానీ నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. పౌలు ఆ ఉత్తరాన్ని కొరింథు నుంచి దాదాపు క్రీ.శ. 57లో రాయించాడు, అప్పటికి ఆయన రోమ్‌లో అడుగే పెట్టలేదు. అయినా అక్కడ ప్రిస్కిల్ల, అకుల ఇంట్లో కూడుకునే సంఘానికి వందనాలు చెప్పాడు, పెర్సిసు, త్రుఫైనా, త్రుఫోసా అనే ఆడవాళ్లు ప్రభువు కోసం పడిన కష్టాన్ని పేరుపేరునా తలుచుకున్నాడు. అంటే ఆయన పోకముందే సంఘం ఉంది. అంప్లియతు, ఊర్బాను లాంటివి ఆ రోజుల్లో రోమ్‌లో బానిసలకు ఎక్కువగా ఉండే పేర్లు. అకుల దంపతులు డేరాలు కుట్టి బతికేవాళ్లు. 49 ప్రాంతంలో క్లౌదియ చక్రవర్తి యూదులను వెళ్లగొడితే కొరింథుకు వచ్చి పడ్డారు, పౌలుతో కలిసి అదే పని చేశారు, తర్వాత మళ్లీ రోమ్ చేరారు.

మరి మొట్టమొదట యేసు మాటను రోమ్‌కు మోసుకుపోయింది ఎవరు? ఒక్కరి పేరు కూడా రాసి లేదు. మీ కాజీపేట జంక్షన్‌నే చూడు, ఢిల్లీ రైలు, విజయవాడ రైలు, హైదరాబాద్ రైలు అన్నీ అక్కడ ఆగుతాయి కాబట్టి ఏ ఊరి కబురైనా అక్కడికి తొందరగా చేరుతుంది. రాజధాని రోమ్ కూడా అంతే. అలెగ్జాండ్రియా నుంచి గోధుమల ఓడలు, సిరియా నుంచి వర్తకులు, యుద్ధాల్లో పట్టుబడిన బానిసలు అందరూ అక్కడికే వచ్చేవాళ్లు, అందుకే తొలి రోజుల్లో అక్కడి క్రైస్తవుల ఆరాధన భాష లాటిన్ కాదు, గ్రీకు. పౌలు ఖైదీగా వస్తుంటే రోమ్ సహోదరులు అప్పీయా సంతపేట దాకా ఎదురువచ్చారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. అది 60 కిలోమీటర్ల పైమాటే, ఇంచుమించు హన్మకొండ నుంచి జనగామ పోయినంత. ఒక ఖైదీ కోసం అంత దూరం వచ్చిన ఆ మనుషులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండిపోతుంది.

అమ్మ మాటలోనూ నిజం ఉంది. 64లో రోమ్ తగలబడితే నీరో చక్రవర్తి ఆ నింద క్రైస్తవుల మీద వేసి చంపించాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. పేతురు, పౌలు ఆ నీరో కాలంలోనే అక్కడ ప్రాణాలిచ్చారని సంఘం మొదటి నుంచీ నమ్ముతోంది. 70లో రోమన్ సైన్యం యెరూషలేమును నేలమట్టం చేశాక జనం చూపు రోమ్ వైపు ఇంకా మళ్లింది.

చక్రవర్తుల సంగతికొస్తే, వాళ్ల అండ చాలా ఆలస్యంగా దొరికింది. 250లో డేసియస్ చక్రవర్తి క్రైస్తవులను హింసించినప్పుడు రోమ్ బిషప్ ఫాబియన్ చనిపోయాడు. ఆయన తర్వాత వచ్చిన కొర్నేలియస్ 251 ప్రాంతంలో రాసిన ఒక ఉత్తరంలో సంఘం లెక్క చెప్పాడు: 46 మంది గురువులు (ఫాదర్లు), 7 మంది డీకన్లు (సంఘ పరిచారకులు), వాళ్లు కాక సంఘం పోషిస్తున్న విధవలు, దిక్కులేనివాళ్లు 1500 మందికి పైగా. ప్రభుత్వం వెంటాడుతున్న రోజుల్లో అంతమందికి తిండి పెట్టారు! కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవులకు స్వేచ్ఛ ఇచ్చింది 313లో, థియొడోసియస్ చక్రవర్తి క్రైస్తవాన్ని రాజ్యమతం చేసింది 380లో. కాబట్టి పరీక్షలో చక్రవర్తుల గురించి రాసేటప్పుడు ఈ 1500 మందిని కూడా రాయి.

ప్రశ్న: వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి కింద నిజంగా పేతురు సమాధి ఉందా?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: 1940లలో అక్కడ తవ్వితే పాత శ్మశానం, అందులో రెండో శతాబ్దంలో కట్టిన చిన్న గూడు లాంటి స్మారకం బయటపడ్డాయి. దొరికిన ఎముకలు పేతురువేనని 1968లో పోప్ ఆరో పౌలు ప్రకటించారు, చాలామంది పురావస్తు పండితులు దానికి ఒప్పుకోలేదు. కానీ అక్కడ మొదటి చర్చి కట్టించిన కాన్‌స్టంటైన్ కంటే సుమారు నూట యాభై ఏళ్ల ముందే విశ్వాసులు ఆ చోటును గుర్తుపెట్టుకున్నారని ఆ గూడును చూస్తే తెలుస్తుంది.