ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలా? ఐడీగా పనికొస్తుందా?

మేలో అమెరికాలో అక్క దగ్గరికి వెళ్తున్నామని, ఏడాది చివర్లో ఫ్రెండ్స్‌తో థాయిలాండ్, వియత్నాం తిరగాలనుకుంటున్నామని రాశారు. ఐడీపీకి (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అంటే విదేశాల్లో బండి నడపడానికి మన లైసెన్సుతోపాటు చూపించే పుస్తకం) పెట్టే వెయ్యి రూపాయలు దండగా, పాస్‌పోర్ట్ హోటల్లో దాచేసి దీన్నే ఐడీగా పట్టుకుని తిరగొచ్చా అని మీ ప్రశ్న. రెండోదానికి జవాబు చిన్నది: కుదరదండీ. మొదటిదానికి జవాబు దేశాన్ని బట్టి, మీరు నడిపే బండిని బట్టి మారుతుంది.

ముందు అమెరికా సంగతి. మన లైసెన్సు కార్డు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి అక్కడ చాలాచోట్ల ఐడీపీ గురించి అడగరు. డాలస్‌లో నేను కారు అద్దెకు తీసుకున్నప్పుడు పాస్‌పోర్ట్, లైసెన్సు, క్రెడిట్ కార్డు చూసి తాళాలు ఇచ్చేశారు. ఐడీపీ బ్యాగులోంచి బయటికే రాలేదు. కానీ రూల్ రాష్ట్రానికో తీరు, అద్దె కంపెనీకో తీరు. బుక్ చేసే ముందు ఆ కంపెనీ షరతులు ఒకసారి చదవండి. ఇక ఐడీ విషయానికొస్తే, అదే ఊళ్ళో బీరు కొనబోతే వయసు చూడటానికి ఐడీ అడిగారు. ఐడీపీ ఇస్తే ఆ అబ్బాయి అటూ ఇటూ తిప్పి చూసి, పాస్‌పోర్ట్ ఉందా అన్నాడు. అతని తప్పేమీ లేదు. లోకల్ ఫ్లైట్ ఎక్కేటప్పుడు ఎయిర్‌పోర్టులో అయినా మనలాంటి విజిటర్లకు పాస్‌పోర్టే దిక్కు.

ఐడీపీ నాకు నిజంగా అక్కరకొచ్చింది జపాన్‌లో. ఒకినావాలో నాహా చుట్టుపక్కల మోనోరైలు తప్ప రైలు లేదు, కారు లేకపోతే దీవి చూడటం కష్టం. అక్కడి కౌంటర్లో మొట్టమొదట అడిగింది ఐడీపీనే. దానితోపాటు మన లైసెన్సు, పాస్‌పోర్ట్, మూడూ కాపీ తీసుకున్నాకే కారు చూపించారు. జపాన్ వాళ్ళు రోడ్డు ట్రాఫిక్ మీద దేశాలు చేసుకున్న 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చిన ఐడీపీని మాత్రమే ఒప్పుకుంటారు, మనది ఆ రకమే. పైగా మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి పెద్ద టెన్షన్ ఉండదు. అయితే అక్కడ కూడా టూరిస్టులు పాస్‌పోర్ట్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలని చట్టమే ఉంది. చేతిలో ఐడీపీ ఉందని పాస్‌పోర్ట్ రూములో వదిలి వెళ్ళడానికి లేదు.

థాయిలాండ్‌లో మీరు బైక్ నడిపేటట్టయితే ఇది తప్పకుండా తీసుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐడీపీలో బండ్ల రకాలకు ఎ, బి, సి అంటూ గడులుంటాయి. ఎ అంటే మోటార్ సైకిళ్ళు, బి అంటే కార్లు. మన లైసెన్సులో టూవీలర్ ఉంటేనే ఎ గడిలో ముద్ర పడుతుంది. నా స్నేహితుడికి కారు లైసెన్సు మాత్రమే ఉంది. మన దగ్గర రోజూ స్కూటర్ మీదే తిరుగుతాడు, ఎవరూ ఆపలేదు గనక ఆ సంగతే మర్చిపోయాడు. ఫుకెట్‌లో చెకింగ్‌లో ఆపినప్పుడు పోలీసు నేరుగా ఆ ముద్రల పేజీయే తీశాడు. ఫైన్ కట్టి బయటపడ్డాడు, అది పోతే పోయింది. అసలు భయం యాక్సిడెంట్ అయితేనే. నడిపే బండికి తగ్గ లైసెన్సు లేదంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారు, ఆసుపత్రి బిల్లు మన నెత్తిన పడుతుంది. ఆర్టీవో ఆఫీసు నుంచి బయటికి వచ్చేలోపే ఆ పేజీ తెరిచి ముద్ర ఉందో లేదో చూసుకోండి.

అక్కడి బైక్ షాపుల వాళ్ళు కొందరు పాస్‌పోర్ట్ తాకట్టుగా ఉంచమంటారు. దాని బదులు ఐడీపీ ఇస్తానంటే తీసుకోరు, మీరూ ఇవ్వొద్దు, నడిపేటప్పుడు అది మీ దగ్గరే ఉండాలి. డబ్బు డిపాజిట్‌గా తీసుకునే షాపు వెతుక్కోవడం మేలు.

వియత్నాంకు మన ఐడీపీ చెల్లదు. వాళ్ళు 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చినవే చూస్తారు, మనవి 1949వి. షాపువాళ్ళు ఏ కాగితమూ అడగకుండా బండి ఇచ్చేస్తారు. దాన్ని నమ్ముకుని కొండ రోడ్లలో తిరగడం నాకైతే తెలివైన పని అనిపించదు. 50 సీసీలోపు బండికి అక్కడ లైసెన్సు అక్కర్లేదు. లేదంటే డ్రైవర్‌తో సహా బైక్ మాట్లాడుకోండి.

మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది పేరు దగ్గర. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, క్రెడిట్ కార్డు మీద ముందూ వెనకా మారిపోతుంది. మనకు అదంతా ఒకే మనిషి. అద్దె కారు కౌంటర్లో వాళ్ళకు ముగ్గురు వేర్వేరు మనుషులు. ఐడీపీలో పేరు లైసెన్సు నుంచే వస్తుంది, కాబట్టి ముందు లైసెన్సులో పేరు పాస్‌పోర్టుకు సరిపోయేలా మార్పించుకోండి. దానికి టైం పడుతుంది, టికెట్లు బుక్ చేశాక పరిగెత్తితే అవ్వదు.

ఆన్‌లైన్‌లో 'ఇంటర్నేషనల్ లైసెన్స్, మూడేళ్ళ వాలిడిటీ, పదేళ్ళ వాలిడిటీ' అని ప్లాస్టిక్ కార్డులు అమ్మే సైట్లు కనిపిస్తాయి. మన ప్రభుత్వం ఇచ్చే ఐడీపీకి గడువు ఒక్క ఏడాదే, అదీ చిన్న పుస్తకంలా ఉంటుంది. 2022లో ఫార్మాట్ మార్చి, లైసెన్సుతో లింకయ్యే క్యూఆర్ కోడ్ కూడా పెట్టారు. ఇంట్లో కూర్చుని డాలర్లు కట్టి తెప్పించుకునే కార్డును జపాన్‌లో చూపిస్తే కారు ఇవ్వరు. ఆర్టీవో దగ్గర పని కష్టమేమీ కాదు. ఫారం 4ఎ, లైసెన్సు, పాస్‌పోర్ట్, ఫోటోలు, వెయ్యి రూపాయల ఫీజు, పైన సర్వీస్ చార్జీలు ఉంటే అవి. 2021 నుంచి మెడికల్ సర్టిఫికెట్, వీసా తప్పనిసరి కాదు. అయినా కౌంటర్లో అడిగితే చూపించడానికి టికెట్ ప్రింటవుట్ ఒకటి పెట్టుకోండి, గొడవ పడే ఓపిక మనకుండదు.

దుబాయ్‌లో ఉద్యోగానికి వెళ్ళే తమ్ముళ్ళు కూడా ఇది చదువుతుంటే ఒక మాట: రెసిడెన్స్ వీసా వచ్చాక ఐడీపీ మీద నడపకూడదు, అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే. డ్రైవర్ ఉద్యోగానికి ఐడీపీ చాలని ఏ ఏజెంట్ చెప్పినా నమ్మొద్దు.

మీ రెండు ట్రిప్పులూ ఒకే ఐడీపీతో అయిపోవాలంటే ఏప్రిల్‌లో తీసుకోండి, డిసెంబర్ దాకా సరిపోతుంది. మీ లైసెన్సు గడువు ఈలోపు అయిపోతుంటే ముందు దాన్ని రెన్యువల్ చేయించండి, ఎందుకంటే లైసెన్సు గడువు దాటి ఐడీపీ పనిచేయదు. అక్క దగ్గర అమ్మానాన్న ఎక్కువ నెలలు ఉండి, అక్కడే ఐడీపీ గడువు తీరిపోయినా ఇండియా రావక్కర్లేదు, ఇండియన్ ఎంబసీ ద్వారా రెన్యువల్‌కు అప్లై చేసుకోవచ్చు.