జీతం ఆగకుండా డిస్ట్రిక్ట్ నర్స్ చదువు

(ఇంగ్లండ్‌లో డిస్ట్రిక్ట్ నర్స్‌గా, అంటే పేషెంట్ల ఇళ్లకు వెళ్లే నర్సుల బృందాన్ని నడిపే నర్స్‌గా పనిచేస్తూ, ట్రైనీలకు ప్రాక్టీస్ అసెసర్‌గా (పనితీరును అంచనా వేసే నర్స్‌గా) కూడా ఉంటున్న మా కాలమిస్టు ఈ నెల పాఠకులకు ఇచ్చిన జవాబులు.)

ప్రశ్న: మేడమ్, నమస్తే. లెస్టర్‌లో ఒక మెడికల్ వార్డులో బ్యాండ్ 5 (జీతాల శ్రేణి) నర్స్‌ని. ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసి, ఇక్కడికొచ్చి నాలుగేళ్లయింది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాను. మా ఆసుపత్రిని నడిపే ప్రభుత్వ ట్రస్టులో డిస్ట్రిక్ట్ నర్స్ అప్రెంటిస్‌షిప్‌కి ప్రకటన వచ్చింది. పీజీ స్థాయి చదువట, ఫీజు కట్టక్కర్లేదట, జీతం ఆగదట. నమ్మొచ్చా? "ఇంత సర్వీసు పెట్టుకుని అప్రెంటిస్‌గా చేరతావా?" అని మావారు అంటున్నారు. ఇళ్లకెళ్లి కట్లు కట్టడానికి పీజీ దేనికని నాకూ అనుమానంగానే ఉంది.

జవాబు: ముందు మీవారి సంగతి తేల్చేద్దాం. మీ పిన్ (నర్స్ రిజిస్ట్రేషన్ నంబరు) ఎక్కడికీ పోదు, మీ బ్యాండ్ తగ్గదు. ఎన్‌ఎంసీ (నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్) రిజిస్టర్‌లో ఉన్న నర్స్ మాత్రమే చేరగలిగే చదువిది. లెవెల్ 7, అంటే మాస్టర్స్ మెట్టు. పాసైతే రిజిస్టర్‌లో మీ పేరు పక్కన డిస్ట్రిక్ట్ నర్సింగ్ స్పెషలిస్ట్ ప్రాక్టీస్ క్వాలిఫికేషన్ చేరుతుంది. సొంత డబ్బుతో చదివినవాళ్లకీ ఇదే అర్హత, ఇవే ప్రమాణాలు. తేడా అంతా ఫీజు ఎవరు కడతారన్న దగ్గరే. వారికి ఇంతవరకు చెప్పి, మిగతాది భోజనాల దగ్గర మాట్లాడుకోండి.

మీ అనుమానమే అసలైన ప్రశ్న. ఒక ట్రైనీని వెంటబెట్టుకుని వెళ్లిన ఒక ఇంటి గురించి చెబుతాను. ఒంటరిగా ఉండే పెద్దాయన, కాలి మీద పుండు. తలుపు పక్కనున్న కీ సేఫ్‌లో నంబర్లు తిప్పి, తాళంచెవి తీసుకుని మనమే లోపలికి వెళ్లాలి. డాప్లర్ (కాలి రక్తప్రసరణ పరీక్ష) చేశారు, ఏబీపీఐ (చీలమండ, చేతి రక్తపోటుల నిష్పత్తి) 0.8కీ 1.3కీ మధ్యలోనే ఉంది కాబట్టి గట్టి కంప్రెషన్ కట్టు కట్టొచ్చు. వారానికి రెండుసార్లు కడుతూనే ఉన్నారు. పుండు మాత్రం ఏమాత్రం మానడం లేదు. మా ట్రైనీ వార్డులో ఆరితేరిన మనిషి. ముడత లేకుండా, కాలివేళ్ల మొదలు నుంచి మోకాలి కింద దాకా ఎంత చక్కగా కట్టిందో! కట్టేసి, డ్రెస్సింగ్ రకం మారిస్తే బావుంటుందేమోనంది. ఆ కుర్చీ వైపు చూడమన్నాను. వాలు కుర్చీలో దిండు, దుప్పటి, పక్కన స్టూలు మీద రాత్రి మాత్రలు. ఒకసారి మెట్ల మీద పడ్డాక ఆయన పైకెళ్లడం మానేసి, రాత్రంతా కుర్చీలోనే నిద్రపోతున్నాడు. కాళ్లు తెల్లార్లూ కిందకి వేలాడుతుంటే వాపు దిగేదెప్పుడు, కట్టు పనిచేసేదెప్పుడు?

ఆయనకి కావలసింది కొత్త డ్రెస్సింగ్ కాదు, కింది గదిలో మంచం. దానికి ఆక్యుపేషనల్ థెరపిస్టుని పిలవాలి, ఆయన్ని ఒప్పించాలి, కూతురితో మాట్లాడాలి, పడిపోవడానికి మందులేమైనా కారణమా అని జీపీకి (ఫ్యామిలీ డాక్టరుకి) రాయాలి. ఒప్పుకోకపోతే ఏం చేయాలో కూడా ఆలోచించి పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ ఇల్లు ఆయనది, మనం చుట్టాలం. వార్డులో అనుమానం వస్తే పక్క బెడ్ దగ్గర సిస్టర్ ఉంటుంది, సాయంత్రం రౌండ్‌కి డాక్టర్ వస్తాడు. ఇక్కడ ఆ గదిలో ఉన్నది మీరొక్కరే. కట్టు కట్టడం నేర్పడానికి పీజీ అక్కర్లేదు, అది మీకు వచ్చు. ఆ కుర్చీని చూడటం నేర్పడానికి కావాలి.

దీనికి పైన కేస్‌లోడ్, అంటే టీమ్ చూసుకునే పేషెంట్లందరి భారం ఉంటుంది. పొద్దున్నే జాబితా ముందేసుకుని, ఎవరు ఎక్కడికి వెళ్లాలో పంచేది డిస్ట్రిక్ట్ నర్సే. ఇద్దరు నర్సులు సిక్ అని ఫోన్ చేశారనుకోండి, ఏ విజిట్ రేపటికి నెట్టాలి? టిఫిన్‌కి ముందు పడాల్సిన ఇన్సులిన్ ఆగదు. ఇంటి దగ్గరే చివరి రోజులు గడుపుతున్నవారి సిరంజ్ డ్రైవర్ (నిదానంగా మందు ఎక్కించే చిన్న పంపు) అసలే ఆగదు. బీ12 ఇంజెక్షన్ ఆగొచ్చు. హెల్త్ కేర్ అసిస్టెంటుకి ఏ పని అప్పగించవచ్చు, ఏది కూడదు? పొరపాటు జరిగితే ఎవరు జవాబుదారీ? ఏడాదికి పైబడి సాగే ఈ చదువులో సగం థియరీ, సగం ప్రాక్టీస్. పుస్తకంలోని మాటని మర్నాడే మీ జాబితా మీద పరీక్షించుకోవచ్చు. కోర్సును బట్టి వీ100 గానీ వీ300 గానీ ప్రిస్క్రైబింగ్, అంటే మందులు రాసే అర్హత కూడా కలిసి వస్తుంది. డ్రెస్సింగుల కోసం జీపీ సంతకానికి ఎదురుచూసే బాధ తప్పుతుంది, అది చిన్న సుఖమేమీ కాదు.

మొదట్లో ఏడుపొస్తుంది, భయపడకండి. ఈ వృత్తి మొదలైందే అలా. 1859లో లివర్‌పూల్ వ్యాపారి విలియం రాత్‌బోన్, తన భార్య ఆఖరి రోజుల్లో సేవ చేసిన మేరీ రాబిన్సన్ అనే నర్స్‌ని ఊళ్లోని పేదల ఇళ్లకు వెళ్లమని పెట్టుకున్నాడు. నెల తిరక్కుండానే ఆ ఇళ్లలోని దుస్థితి చూడలేక, నన్ను వదిలేయండని ఆవిడ వచ్చేసింది. ఆయన నచ్చజెప్పి నిలబెట్టాడు.

ఇక డబ్బు. ఇక్కడ మాత్రం ప్రకటనను నమ్మి ఊరుకోకండి. జీతాల బిల్లు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన సంస్థల నుంచి 0.5 శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ వసూలు చేయడం 2017 ఏప్రిల్‌లో మొదలైంది. ట్రస్టులు ఇన్నాళ్లూ ఈ చదువు ఫీజు ఆ ఖాతాలోంచే కట్టాయి. 2026 జనవరి నుంచి లెవెల్ 7 కోర్సుల్లో కొత్తగా చేరేవాళ్లకి లెవీ డబ్బును, కొద్దిపాటి మినహాయింపులు పోను, 21 ఏళ్లు దాటని వాళ్లకే పరిమితం చేశారు. మీరు వయసు రాయలేదు గానీ, డిగ్రీ, ఇక్కడి నాలుగేళ్లు కలిపి చూస్తే 21 దాటే ఉంటాయి! కాబట్టి మొదట అడగాల్సింది ఇదే: మా బ్యాచ్ ఫీజు ఏ పద్దు కింద కడుతున్నారు? జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. ట్రస్టు సొంత డబ్బు పెడుతుంటే, కోర్సయ్యాక ఇన్నాళ్లు ఇక్కడే పనిచేయాలనే షరతు ఉండొచ్చు. సంతకం పెట్టే ముందు అది చదవండి.

జీతం ఆగదన్న మాట నిజమే, కానీ చేతికొచ్చేది తగ్గవచ్చు. వార్డు నర్స్‌గా మీరు ఇప్పుడు నైట్లు, ఆదివారాలు చేస్తూ ఉంటారు కదా. మీ బ్యాండ్‌లో రాత్రులకీ శనివారాలకీ 30 శాతం, ఆదివారాలకీ బ్యాంక్ హాలిడేలకీ 60 శాతం అదనంగా పడుతోంది. ట్రైనీ రోటా ఎక్కువగా సోమవారం నుంచి శుక్రవారం దాకా పగటి పని. ఆ అదనం పోతుంది. చదువు సాగినన్నాళ్లు బ్యాండ్ 5లోనే ఉంచుతారా, బ్యాండ్ 6లో కొంత శాతం ఇస్తారా అన్నది ఒక్కో ట్రస్టులో ఒక్కో తీరు. మూడు నెలల పే స్లిప్పులు పక్కన పెట్టుకుని లెక్క వేసుకోండి. మార్టగేజ్ ఉంటే మరీ ముఖ్యం. పాసై డిస్ట్రిక్ట్ నర్స్ పోస్టులో కుదిరితే బ్యాండ్ 6. 2025-26 లెక్కల్లో దాని మొదటి మెట్టు 38,682 పౌండ్లు, బ్యాండ్ 5 మొదటి మెట్టు 31,049.

వీసా విషయంలో రెండు మాటలు. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ నిధులకు మీలాంటివారు కనీసం మూడేళ్లుగా ఇక్కడ నివసిస్తూ ఉండాలి. మీకు నాలుగయ్యాయి, సరిపోతుంది. అయితే వార్డు నుంచి కమ్యూనిటీకి (ఇళ్ల దగ్గర చేసే నర్సింగ్‌కి) మారినప్పుడు స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌లోని ఆక్యుపేషన్ కోడ్ (ఉద్యోగం రకాన్ని తెలిపే నంబరు) మారితే వీసా అప్‌డేట్ చేయించుకోవాలి. అదే ట్రస్టే కదా అని హెచ్‌ఆర్‌ని అడగకుండా మాత్రం ఉండకండి. ఇంకో సంగతి, ఇది ఇంగ్లండ్ పథకం. వేల్స్‌కో స్కాట్లండ్‌కో మారే ఆలోచన ఉంటే ముందే తేల్చుకోండి.

నా సలహా అడిగితే, ఈ ఏడే దూకకండి. ఒక ఏడాది కమ్యూనిటీ స్టాఫ్ నర్స్‌గా బ్యాండ్ 5లోనే చేసి, తర్వాత అప్లై చేయండి. చాలామంది ఇంటర్వ్యూలో కమ్యూనిటీ అనుభవం అడుగుతారు. అది పక్కన పెట్టినా, ఒంటరి పని మీకు పడుతుందో లేదో ముందు తెలియాలి. కొందరు అద్భుతమైన వార్డు నర్సులకు అది అస్సలు పడదు. అందులో తప్పేమీ లేదు.

ప్రశ్న: కమ్యూనిటీకి రావాలని ఉంది గానీ కారు నడపాలంటే టెన్షన్. ఇండియా లైసెన్సు ఉంది. వచ్చి ఏడాదిన్నర దాటింది. దాంతో నెట్టుకురావచ్చా?

జవాబు: కుదరదండీ. ఇక్కడ స్థిరపడిన 12 నెలల దాకానే అది చెల్లుతుంది, మీకు దాటిపోయింది. ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్సు తీసుకుని థియరీ, ప్రాక్టికల్ రెండూ రాయాల్సిందే. టెస్ట్ తేదీ దొరకడమే గగనం, కాబట్టి ఉద్యోగం వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. గేర్ల భయమైతే ఆటోమేటిక్ నేర్చుకోండి, పేషెంట్లు మీ గేర్‌బాక్స్ గురించి అడగరు. లైసెన్సు వచ్చాక ఇన్సూరెన్సులో బిజినెస్ యూజ్ తప్పక చేర్పించాలి. ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లిరావడానికి తీసుకున్న పాలసీ, పేషెంట్ల ఇళ్ల మధ్య తిరగడానికి వర్తించదు.

ప్రశ్న: డిస్ట్రిక్ట్ నర్స్ కోర్సులోనే ఉన్నాను. మొదటి అసైన్‌మెంట్‌కి 46 వచ్చింది, పాస్ మార్కు 50. "మరీ వర్ణనాత్మకంగా ఉంది, విశ్లేషణ లేదు" అని రాశారు. చేసిన పనంతా వివరంగా రాశాను. ఇంకేం కావాలి వాళ్లకి?

జవాబు: ఈ కామెంట్ అందుకోని మనవాళ్లని నేను చూడలేదు. చిన్నప్పటి నుంచి మనకి మార్కులు పడింది చెప్పింది చెప్పినట్టు, పూర్తిగా రాస్తేనే కదా. ఇక్కడ లెవెల్ 7లో ట్యూటర్‌కి మీరేం చేశారన్నదానికన్నా, అదే ఎందుకు చేశారు, ఇంకోటి ఎందుకు చేయలేదు అన్నది కావాలి.

బెడ్‌సోర్ ఉదాహరణే తీసుకుందాం. "పేషెంటుకి వాటర్‌లో (Waterlow, బెడ్‌సోర్ రిస్కు కొలిచే స్కేలు) స్కోరు 22 వచ్చింది. 20 దాటితే చాలా ఎక్కువ రిస్కు కాబట్టి గాలి పరుపు తెప్పించాను." ఇది వర్ణన. తప్పు ఒక్కటీ లేదు, మార్కులూ లేవు. ఇప్పుడు దీన్ని మీరే నిలదీయండి. వాటర్‌లో స్కేలే ఎందుకు వాడారు? రిస్కు లేనివాళ్లని కూడా రిస్కులో చూపిస్తుందని దానిమీద విమర్శ ఉంది కదా, పర్పస్ టీ అనే ఇంకో స్కేలు వాడి ఉంటే నిర్ణయం మారేదా? పరుపు మోటారు చప్పుడుకి నిద్ర పట్టడం లేదని ఆవిడ వద్దందనుకోండి. మెంటల్ కెపాసిటీ యాక్ట్ 2005 ప్రకారం, అది మనకి తెలివితక్కువ నిర్ణయంగా కనిపించినంత మాత్రాన ఆవిడకి నిర్ణయించుకునే శక్తి లేదనడానికి వీల్లేదు. అప్పుడు మీ ప్లాన్ ఎటు తిరిగింది? ఎవరితో చర్చించారు? ఈ ప్రశ్నలకి జవాబులు రాస్తే చాలు. మీరు ఆ ఇంట్లో నిలబడి మనసులో ఇదంతా ఆలోచించే ఉంటారు, కాగితం మీద పెట్టలేదంతే.

అసైన్‌మెంట్‌లో జరిగిన కథని ఒక పేరాకి కుదించండి. మిగతా చోటు పై ప్రశ్నలకివ్వండి. రీసబ్మిషన్‌కి ముందు డ్రాఫ్టు మీ ట్యూటర్‌కి చూపించండి, యూనివర్సిటీ లైబ్రరీలో రాత సాయానికి ఒక గంట బుక్ చేసుకోండి. స్టడీ టైమ్ మీ జీతపు గంటల్లోదే. టీమ్‌లో మనుషులు తక్కువున్నారని దాన్ని విజిట్లకి లాగేసుకుంటుంటే, ఎన్ని గంటలు పోయాయో తేదీలతో రాసిపెట్టి, తర్వాతి రివ్యూ మీటింగ్‌లో మేనేజర్, ట్యూటర్ ఇద్దరూ ఉన్నప్పుడే బల్ల మీద పెట్టండి.