మేనకోడలి మోకాలి గురించి తమ్ముడికి

గుంటూరు,
దసరా వెళ్ళిన పదో రోజు.

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఫోన్లో చెబుదామంటే నువ్వు కొట్టులో ఉంటావు. ఎవరో కందిపప్పు అడగ్గానే "ఉండక్కా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. మరదలికి కూడా చదివి వినిపించు, ఇందులో కొన్ని మాటలు తనకే.

పండక్కి వచ్చినప్పుడు నేను రెండు చూశాను. ఒకటి నువ్వు ఫోన్లో అందరికీ చూపించిన వీడియో. ఎనిమిది వందల మీటర్ల పరుగులో మన పాప ఆఖర్న కుంటుతూనే ముందుకొచ్చి సెకండ్ కొట్టింది. "నొప్పున్నా ఆగలేదు చూశావా" అన్నావు, నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోది నువ్వు చూడలేదు. మర్నాడు పొద్దున డాబా మీంచి దిగుతూ పిల్ల గోడ పట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగింది. అరవై నాలుగేళ్ళ మోకాళ్ళతో నేను దిగేది అచ్చం అలాగే. దానికి పదమూడు.

దగ్గర కూర్చోబెట్టుకుని చూశాను. మోకాలి చిప్పకి రెండు వేళ్ళ కింద, ఎముక మీద చిన్న బొడిపె. వేలితో నొక్కితే "అబ్బా" అంది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పీఈటీగా చేసినదాన్ని, ఇలాంటి మోకాళ్ళు చాలా చూశాను. డాక్టర్లు దాన్ని ఆస్గుడ్ ష్లాటర్ అంటారు. పేరు భయంగా ఉంటుంది గానీ సంగతి తేలికే. ఎదిగే వయసులో ఎముక చివర ఇంకా మెత్తగా ఉంటుంది. పోయిన దసరాకీ ఇప్పటికీ పాప మూడంగుళాలు పెరిగిందని మరదలే చెప్పింది. ఎముక పెరిగినంత వేగంగా తొడ కండరం సాగదు, బిగుసుకుని ఆ మెత్తని చోటునే లాగుతుంటుంది. పరిగెత్తినప్పుడు, గెంతినప్పుడు ఇంకా లాగుతుంది. దూకుళ్ళు, పరుగులు తగ్గిస్తే చాలామందికి సర్దుకుంటుంది. తగ్గించకపోతే నెలల తరబడి పీడిస్తుంది. అదో కాదో తేల్చాల్సింది ఎముకల డాక్టరు, నేను కాదు. ఈ వారంలోనే చూపించు. ఈలోపు గుడ్డలో ఐసు చుట్టి పావుగంట పెట్టండి. నూనె రాసి గట్టిగా తోమించడం, ఎవరో చెప్పారని నాటు కట్టు కట్టించడం వద్దు.

నీకు కోపం రావచ్చు, అక్క పిల్లని ఆపేస్తోందని. ఆపమనడం లేదు. నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నా దగ్గర తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉండేది. జింకలా పరిగెత్తేది. జిల్లా పోటీలకి రెండు వారాల ముందు "టీచర్, మోకాలి కింద ఎముక నొప్పెడుతోంది" అంది. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. నేను నొప్పి మందు కొట్టి, క్రేప్ బ్యాండేజి చుట్టి పరిగెత్తించాను. గెలిచింది కూడా. మూడు వారాలకి నడవలేకపోయింది. మళ్ళీ ఎక్స్‌రే తీస్తే ఎముక మీద గీత కనిపించింది. అప్పుడు తెలిసింది నాకు, ఇలాంటి సన్న పగుళ్ళు మొదటి ఎక్స్‌రేలో తరచూ కనపడవని, రెండు మూడు వారాలకి ఎముక అతుక్కోవడం మొదలైతేనే బయటపడతాయని. పిల్ల ముందే చెప్పింది. నేను పిల్ల మాట కాదని ఫిల్ము మాట నమ్మాను. ఆ తర్వాత వాళ్ళ నాన్న మళ్ళీ గ్రౌండుకి పంపలేదు. ఆ కప్పు ఇప్పటికీ ఆ బడి బీరువాలో ఉండే ఉంటుంది.

ఇక అసలు విషయం. పాపని అడిగి వారంలో ఏం చేస్తోందో రాసుకున్నాను. పొద్దున అయిదు నుంచి ఏడు దాకా స్టేడియంలో రన్నింగ్ సార్ దగ్గర, వారానికి ఆరు రోజులు. అంటే 12 గంటలు. సాయంత్రం బళ్ళో కబడ్డీ గంటన్నర, అయిదు రోజులు. ఏడున్నర గంటలు. ఆదివారం నువ్వు బండి మీద వెనకాల వస్తుంటే కోటప్పకొండ రోడ్డు మీద రెండు గంటలు. మొత్తం ఇరవై ఒకటిన్నర! ఆటల డాక్టర్లు పిల్లల విషయంలో ఒక మోటు లెక్క చెబుతారు: వయసు ఎన్నేళ్ళో, వారానికి అన్ని గంటలకి మించి శిక్షణ ఉండకూడదు. పాపకి పదమూడు.

ఇందులో తప్పు ఎవరిదని అడిగితే చెప్పలేను. రన్నింగ్ సార్‌కి కబడ్డీ సంగతి తెలియదు. కబడ్డీ మేడమ్‌కి పొద్దున పన్నెండు రౌండ్లు కొట్టి వచ్చిందని తెలియదు. నీ ఆదివారం పరుగు ఇద్దరికీ తెలియదు. ఎవరి వాటా వాళ్ళకి న్యాయంగానే కనిపిస్తోంది. మొత్తం కూడేవాడే లేడు. నీ కొట్టులో అప్పు పుస్తకం ఎంత పద్ధతిగా రాస్తావు! ఎవరు ఎప్పుడు అరకిలో చక్కెర పట్టుకెళ్ళారో పైసలతో సహా ఉంటుంది. అలాంటి పుస్తకం ఒకటి పాప పేరున పెట్టు. రోజూ మూడే మూడు రాయి: ఎంతసేపు ఆడింది, ఎన్ని గంటలు పడుకుంది, నొప్పి పదికి ఎంత. "నొప్పి ఉందా?" అని అడగకు. నాన్న అడిగితే ఏ పిల్లయినా లేదనే అంటుంది. "పదికి ఎంత, మెట్లు దిగేటప్పుడు ఎంత?" అని అడుగు. నొప్పి వల్ల పరుగు తీరు మారిందంటే, అంటే కుంటుతుందంటే, ఆ రోజుకి ఆట బంద్. అప్పుడు పదికి ఎంత అన్నదానితో పని లేదు.

నువ్వు వెంటనే సింధు పేరెత్తుతావు, నాకు తెలుసు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ కాలి నొప్పితోనే ఆడి బంగారు పతకం తెచ్చింది కదా అంటావు. నిజమే. తర్వాతది కూడా చెప్పు మరి. స్కాన్ చేస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది, అదే, నేను పైన చెప్పిన సన్న పగులు. ఆ నెలలోనే ఉన్న ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకుంది. మళ్ళీ టోర్నమెంటు కోర్టులో కనపడింది 2023 జనవరిలో. అప్పటికి ఆమెకి 27 ఏళ్ళు, ఎదుగుదల ఎప్పుడో పూర్తయిన ఎముకలు, పక్కన ఫిజియో. ఆమె కూడా అన్ని నెలలు కూర్చుంది. మన పాప పరుగెత్తింది జోనల్ మీట్‌లో తమ్ముడూ, కామన్వెల్త్‌లో కాదు.

రన్నింగ్ సార్‌తో గొడవ పెట్టుకోకు, మంచాయనే. ఇద్దరితోనూ ఒకే రోజు మాట్లాడి, డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టేలా ఇలా అడిగి చూడు: పొద్దున పరుగు వారానికి మూడు రోజులు గంటన్నర చొప్పున, కబడ్డీ రెండు సాయంత్రాలు. ఒక రోజు పరుగు లేకుండా ఒంటికాలి మీద నిలబడటం, గుంజీలు, నడుముకి బలమిచ్చే కసరత్తులు. గెంతి కిందికి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా దిగడం నేర్పమని కబడ్డీ మేడమ్‌ని ప్రత్యేకంగా అడుగు. ఇలాంటి ఆటల్లో మోకాలి లిగమెంటు తెగడం మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఎక్కువ, ఆ ఒక్క అలవాటు చాలా కాపాడుతుంది. ఆదివారం ఏమీ వద్దు. నీ కోటప్పకొండ పరుగు కూడా వద్దు. ఏడాదిలో రెండు మూడు నెలలు పరుగు మానేసి వేరే ఏదైనా, ఈతో షటిలో, ఆడుకోనివ్వు. వెనకపడిపోతుందని భయపడకు.

నిద్ర. ట్యూషన్ నుంచి తొమ్మిదికి వచ్చి, తిని, హోంవర్కు చేసి పడుకునేసరికి పదిన్నర. నాలుగున్నరకి లేపుతున్నావు. ఆరు గంటలు. ఈ వయసుకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. ఆడే పిల్లలకి ఇంకాస్త ఎక్కువే. కండ బాగుపడేదీ, పిల్ల ఎదిగేదీ చాలావరకు ఆ నిద్రలోనే. అమెరికాలో ఒక స్కూలు పిల్లల మీద చేసిన పరిశీలన 2014లో వచ్చింది. ఎనిమిది గంటల కంటే తక్కువ పడుకునేవాళ్ళకి దెబ్బలు తగిలే అవకాశం 1.7 రెట్లు కనిపించింది. పాప విషయంలో పరిశీలన ఎందుకు, నా కళ్ళ ముందే పులిహోర కంచంలో చెయ్యి పెట్టి కునికింది. పరుగు మూడు రోజులకి తగ్గితే తక్కిన రోజుల్లో ఆరింటి దాకా పడుకుంటుంది. ట్యూషన్ టైము మార్చగలరేమో అడుగు. లేదంటే ఆ ట్యూషనే మానిపించు, లెక్కలు నేను ఫోన్లో చెబుతా.

ఇప్పుడు తిండి. ఇది మరదలికి. ఎవరో "అన్నం తగ్గించు, ఒళ్ళు తేలికవుతుంది" అన్నారట. పాప రాత్రి రెండు పుల్కాలతో లేచిపోతోంది. కబడ్డీలో బరువు హద్దు దాటకూడదని కొందరు పిల్లలు పోటీల ముందు మంచినీళ్ళు కూడా మానేస్తారు, అది కూడా విని వచ్చింది. వద్దమ్మా. పరిగెత్తే పిల్లకి అన్నం శత్రువు కాదు, అదే పెట్రోలు. బరువు దాటితే పై విభాగంలో ఆడుతుంది, లేదా ఆడదు. తినాల్సినంత తినకుండా ఆడిందంటే ఒళ్ళు ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించుకుంటుంది. ఆడపిల్లల్లో ముందు నెలసరి తప్పుతుంది, తర్వాత ఎముక బలం తగ్గుతుంది. మూడు నెలలు వరసగా రాకపోతే "ఆటలాడే పిల్లలకి మామూలేలే" అని ఎవరన్నా నమ్మకు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. తమ్ముడూ, ఇది ఆడవాళ్ళ సంగతి అని నువ్వు పేజీ తిప్పకు.

ప్రొటీన్ పొడి డబ్బా కొన్నావట, రెండున్నర వేలు పెట్టి. నువ్వు లెక్కల మనిషివి, చూడు. పాప బరువు 42 కిలోలు. రోజుకి యాభై నుంచి అరవై గ్రాముల ప్రొటీన్ చాలు. రెండు గుడ్లలో 12, రెండు పెద్ద గ్లాసుల పాలలో 16, గుప్పెడు వేరుశనగపప్పులో 7, రెండు పూటలా కప్పు చొప్పున ముద్దపప్పో సాంబారు పప్పో తింటే 14 దాకా, కప్పు పెరుగులో 6. కూడు. అన్నం, ఇడ్లీల్లో వచ్చేది దీనికి అదనం. ఇవన్నీ నీ కొట్టులోనో పక్క కొట్టులోనో ఉన్నాయి. డబ్బా వెనక్కి తీసుకుంటారేమో కనుక్కో.

పొద్దున పరగడుపున పంపకు. అరటిపండో, నాలుగు ఖర్జూరాలో నోట్లో వేసుకుని వెళ్ళాలి. రాగానే, స్నానం సంగతి తర్వాత, ఇడ్లీ, పల్లీ చట్నీ, గుడ్డు. సాయంత్రం కబడ్డీకి ముందు ఉడికించిన చిలగడదుంపో వేరుశనగ ఉండో డబ్బాలో పెట్టు. రాగిజావ ఎముకకి మంచిది, కాల్షియం దండిగా ఉంటుంది. రక్తానికి మాత్రం అదొక్కటే చాలదు. పిల్ల మొహం పాలిపోయి ఉంది, సీబీపీ అనే రక్తపరీక్ష చేయించండి, వీలైతే ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువని తేలింది. అందులో పరిగెత్తే పిల్లలు ఎంతమంది "బద్ధకం" అని తిట్లు తింటున్నారో! బళ్ళో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర కిటికీలోంచి పారేస్తున్నారని నాకు తెలుసు, నా ముందే పారేసేవాళ్ళు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందని చెప్పు. ఆదివారం మాంసం తెస్తే కార్జం తీసుకురా. మునగాకు, తోటకూర వండితే నిమ్మకాయ పిండండి. అన్నం తిన్న వెంటనే టీ వద్దు, తిన్న ఇనుము ఒంటికి పట్టనివ్వదు.

కార్తీక సోమవారాలు వస్తున్నాయి. మరదలు ఉపవాసం ఉంటుంది, పాప కూడా ఉంటానంటుంది. పుణ్యం తల్లిది పిల్లకీ వస్తుందని చెప్పి ఇడ్లీ పెట్టెయ్యమ్మా.

ఎండాకాలం క్యాంపు సంగతి అప్పుడు రాస్తాను. పల్నాడు ఎండలో పదింటి పరుగు మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నొప్పి గురించి నువ్వు చెప్పకు, పాపనే చెప్పనివ్వు. రాత్రిళ్ళు నొప్పితో నిద్ర లేస్తోందా, వాపు ఉందా అని నేను అడిగాను, లేదంది. నీ ముందు కాదు, నా దగ్గర చెప్పింది కాబట్టి నమ్ముతున్నా.

వచ్చే నెల వనభోజనాలకి వస్తారుగా. ఆ పుస్తకం తీసుకురా, కలిసి కూడదాం. ఈ ఆదివారం మాత్రం పొద్దున్నే ఫోన్ చేసి "పాప ఏదీ" అని అడుగుతాను. పడుకుని ఉందని నువ్వు చెప్పాలి.

ఇట్లు,
అక్క