ఎస్‌డీఎల్2 (ఆటలకు తెర, శబ్దం, కీబోర్డు అందించే లైబ్రరీ) సిస్టమ్‌లో ఉన్నా, అది దొరకలేదని సీమేక్ (బిల్డ్‌కు ఏర్పాట్లు చేసే టూల్) అంటోంది, ఎందుకు?

ఉబుంటులో సూపర్‌టక్స్‌కార్ట్ అనే రేసింగ్ ఆటను సోర్స్ నుంచి కంపైల్ చేస్తుంటే ఈ ఎర్రర్ వస్తోందంటే, మీ దగ్గరున్నది ఆట నడవడానికి పనికొచ్చే లైబ్రరీ మాత్రమే. కంపైలర్‌కు కావలసిన హెడర్ ఫైళ్లు (లైబ్రరీలో ఏ ఫంక్షన్లున్నాయో చెప్పేవి) విడి ప్యాకేజీలో ఉంటాయి. దాని పేరు చివర ‘డెవ్’ అని ఉంటుంది, ఫెడోరాలో అయితే ‘డెవెల్’. ఉబుంటు ప్యాకేజీ టూల్ ఆప్ట్‌తో దాన్ని ఇన్‌స్టాల్ చేసి, బిల్డ్ ఫోల్డర్‌లో పాత ఫలితాలు దాచుకునే సీమేక్ క్యాష్ ఫైలు తొలగించి, సీమేక్‌ను మళ్లీ నడపండి. క్యాష్ ఉంచేస్తే పాత ఫలితమే తిరిగి రావచ్చు. ఎప్పుడూ మొదటి ఎర్రర్‌నే చదవండి. దాని కింద వచ్చేవి చాలావరకు దాని పర్యవసానాలే.

సీమేక్‌కు బిల్డ్ టైప్ ‘రిలీజ్’ అని తప్పక ఇవ్వండి. ఆప్టిమైజేషన్ (కోడ్ వేగంగా నడిచేలా కంపైలర్ చేసే మెరుగులు) లేకుండా కట్టిన ఆట మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నా నత్తనడక నడవొచ్చు.

కంపైలర్‌ను నడిపే మేక్ కమాండ్‌కు, ఒకేసారి ఎన్ని ఫైళ్లు కంపైల్ చేయాలో చెప్పే జే ఆప్షన్‌తో ప్రాసెసర్ కోర్లన్నీ అప్పగించకండి. ఒక్కో సీప్లస్‌ప్లస్ ఫైలు వందల మెగాబైట్ల మెమరీ తినగలదు. మధ్యలో ‘కిల్డ్’ అని ఆగితే సాధారణంగా కోడ్ తప్పు కాదు, ర్యామ్ చాలక కెర్నల్ కంపైలర్‌ను ఆపేసింది. జే2తో, అంటే ఒకేసారి రెండు ఫైళ్లతో, మళ్లీ మొదలుపెట్టండి. అప్పటికే అయిన ఫైళ్లు మళ్లీ కంపైల్ కావు.

అంతా పూర్తయ్యాక కూడా ఆట తెరుచుకోకపోతే, ట్రాక్‌లు, బొమ్మలు గిట్‌లోని కోడ్‌తో రావని గుర్తుంచుకోండి. వాటిని సబ్‌వర్షన్ (గిట్ లాంటిదే, ఫైళ్ల మార్పులు నిల్వచేసే మరో వ్యవస్థ) నుంచి దించి, కోడ్ ఫోల్డర్ పక్కనే ‘ఎస్‌టీకే-అసెట్స్’ పేరుతో పెట్టాలి.