గుజరాతీ థాలీలో పప్పు తియ్యగా ఉంటే

వచ్చే వారం అహ్మదాబాద్‌లో అమ్మానాన్నలను మళ్లీ గుజరాతీ థాలీకి తీసుకెళ్తున్నానని, పోయినసారి పప్పు తియ్యగా ఉందని ఇద్దరూ సగంలోనే లేచారని రాశారు కదండీ. టెన్షన్ పడకండి, ఈసారి కడుపునిండా తింటారు.

అక్కడి కందిపప్పులో బెల్లం, పులుపుకి కోకం అనే పుల్లటి ఎండు పండో నిమ్మరసమో, మధ్యమధ్యలో పల్లీలు వేస్తారు. మజ్జిగపులుసుకి చుట్టం లాంటి కఢీ కూడా తియ్యగానే ఉంటుంది. ఆ పప్పును మన ముద్దపప్పులా అన్నంలో కలిపేస్తే మొహం మొత్తుతుంది. గిన్నెలోనే ఉంచి, పుల్కాతో కారం కూర రెండు ముద్దలు తిన్నాక ఒక గుక్క తాగమనండి. నాకు ఆ రుచి అలాగే అలవాటైంది.

ఇంకో సంగతి. కూర్చోగానే ఢోక్లా, స్వీట్లు వేసేస్తారు. వాటితో కడుపు నింపుకుంటే చివర్లో అన్నం వచ్చేసరికి ఆకలి ఉండదు. అన్నం ముందే కావాలని అడగండి, మొహమాటం వద్దు. వడ్డించేవాళ్లు ఆగకపోతే గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి ‘బస్’ అంటే చాలు. నాన్నగారికి షుగర్ ఉంటే మాత్రం పప్పులో బెల్లం సంగతి మర్చిపోకండి.

కారం లేనిదే ముద్ద దిగదంటే కాఠియావాడీ థాలీ, అంటే గుజరాత్‌లోనే సౌరాష్ట్ర వైపు కారంగా వండే భోజనం, దొరికే చోటు చూసుకోండి. వేడి సజ్జ రొట్టె మీద కరుగుతున్న వెన్న, ఎర్రటి వెల్లుల్లి చట్నీ, కాల్చిన వంకాయతో చేసే ఓళో. ఆ ఓళో నోట్లో పెట్టుకోగానే అమ్మగారికి మన కాల్చిన వంకాయ పచ్చడి గుర్తుకొస్తుంది, చూడండి.